రాత్రి రెక్కలు – 4వ పాఠం: పుర్రెను వదిలి వెనుక రెక్క చూడండి

పోయిన పాఠం చివర నేను రాసిన ఒక్క వాక్యం చాలామందిని దారి తప్పించింది. "వీపు మీద పుర్రె ఆకారం కనిపిస్తే అది అకెరాన్షియా ప్రజాతి మాత్" అని రాసి అక్కడితో ఆపాను. (మాత్ అంటే ఎక్కువగా రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుక లాంటి పురుగు.) ఆ మాటలో తప్పు లేదు. కానీ దాన్ని పట్టుకొని మీరు పంపిన జవాబులు చూశాక, ఈసారి చెప్పాలనుకున్న లార్వా కాళ్ల లెక్కను వెనక్కి జరిపాను. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఫోటోలో పుర్రె. అచ్చంపేట నుంచి వచ్చినదానిలో పుర్రె. కొల్లాపూర్ నుంచి ఒకరు ఫోనును ఇంకా దగ్గరగా జరిపి, పుర్రె కళ్లు రెండే తీసి పంపారు. అన్నింటి కింద జాతి పేరు ఒకటే: అట్రోపోస్. వాటిలో ఒక్కటి కూడా అట్రోపోస్ కాదు.

ఇంకొందరి పొరపాటు వేరు. హాలియా దగ్గర చిలగడదుంప మడిలో దొరికిన మాత్‌ను ఒక పాఠకురాలు శ్రద్ధగా కొలిచి, పొట్టకు రెండు పక్కలా గులాబీ రంగు పట్టీలున్నాయని కూడా రాసి, చివరికి అకెరాన్షియా అని తేల్చారు. ఆ గులాబీ పట్టీల దగ్గరే ఆగి ఉంటే సరైన జవాబు దొరికేది. అది అగ్రియస్ కన్వాల్వులి. ముందు ఈ పొరపాటు సంగతి చూద్దాం, ఇది తేలిగ్గా సర్దుకుంటుంది.

రెక్కలు నాలుగు, కాళ్లు ఆరు, గుడ్డు నుంచి తల్లి పురుగు దాకా నాలుగు దశలు. ఇవి బడిలో చదువుకున్నవే కాబట్టి వాటి జోలికి పోను. స్ఫింజిడే కుటుంబాన్ని ఎలా గుర్తుపట్టాలో మూడో పాఠంలో ఉంది: మొన తేలిన పొడవాటి ముందు రెక్కలు, పొట్టి వెనుక రెక్కలు, చివరికి సన్నబడే బలమైన ఒళ్లు. ఈ కుటుంబంలో 1,400కు పైగా జాతులున్నాయి. వాటిలో ముఖ్యమైన ఉపకుటుంబాలు మూడు: స్మెరింథినే, స్ఫింజినే, మాక్రోగ్లాసినే. మన అకెరాన్షియా స్ఫింజినేలోది. అందులోనూ అకెరాన్షియినీ అనే తెగకు చెందినది. అగ్రియస్ కూడా అదే తెగ. అంటే ఈ రెండూ పాలివాళ్లు. పోలికలు కలవడంలో వింత లేదు, హాలియా పాఠకురాలు పొరబడ్డారంటే అది దగ్గరి చుట్టాల మధ్య జరిగిన పొరపాటే.

పాలివాళ్లను వేరు చేయాలంటే మూతి చూడాలి. అగ్రియస్ తొండం దాని ఒంటి పొడవును మించి ఉంటుంది. గడియారం స్ప్రింగులా చుట్టుకొని తల కింద దాగి ఉంటుంది. కాడమల్లె లాంటి పొడవాటి గొట్టపు పూల అడుగు నుంచి మకరందం తీయాలంటే అంత తొండం కావలసిందే. అకెరాన్షియా తొండం పొట్టిది, లావైనది, మొన గట్టిది. పూల గొట్టాలతో దానికి పెద్దగా పని లేదు. అది రాత్రిపూట తేనెపట్టులో దూరి, మైనపు మూతను పొడిచి తేనె తాగుతుంది. కారే చెట్టు రసం, పండిన పండ్ల రసం కూడా తాగుతుంది. మీసాల్లోనూ అదే తీరు: అకెరాన్షియా స్పర్శకాలు పొట్టిగా, లావుగా ఉండి కొన దగ్గర కొక్కెంలా వంగుతాయి. పొట్ట మీద రంగు చూస్తే అనుమానం పూర్తిగా తీరుతుంది. అగ్రియస్‌కు గులాబీ పట్టీలు, అకెరాన్షియాకు పసుపు పచ్చ మీద నల్లటి కట్లు, నడుమ వెన్ను వెంట నీలి బూడిద రంగు చార. నా మటుకు నేను తొండం కోసం వెతకను. పొట్ట పసుపా, గులాబీనా అన్నది ఒక్కటే చూస్తాను. మన ప్రాంతంలో ఈ రెంటి మధ్య తేల్చడానికి అది చాలు.

పుర్రె ఎందుకు పనికిరాదు

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి. అకెరాన్షియా ప్రజాతిలో ఉన్నవి మూడే జాతులు: అట్రోపోస్, స్టిక్స్, లాకెసిస్. ఈ మూడింటికీ వీపు మీద పుర్రె ఉంది. మూడింటికీ ఉన్న గుర్తు ఆ మూడింటిని విడదీయలేదు. ఇంత చిన్న మాట, అయినా ప్రతి ఏడాదీ దీని దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు కాబట్టి నిదానంగా చెబుతాను.

వర్గీకరణలో ప్రతి గుర్తుకూ ఒక అంతస్తు ఉంటుంది. ఇంటిపేరు అడిగితే ఏ ఇల్లో తెలుస్తుంది, ఆ ఇంట్లో ఎవరో తెలియదు. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములుంటే, ఇంటిపేరు చెప్పి "నేను పెద్దవాణ్ని చూశాను" అనడం కుదరదు. పుర్రె అకెరాన్షియా ఇంటిపేరు. అది ప్రజాతి అంతస్తులో పనిచేసే గుర్తు. జాతి అంతస్తుకు దాన్ని దింపితే అక్కడ మూగబోతుంది.

రెండో కారణం, ఆ పుర్రె ఎలా తయారైందో చూస్తే తెలుస్తుంది. అది చర్మం మీద గీసిన బొమ్మ కాదు. వక్షం మీద ఒత్తుగా పెరిగిన పొలుసులు, వెంట్రుకల్లాంటి పొలుసులు రంగురంగులుగా అమరితే మన కంటికి అలా తోస్తుంది. మాత్ ఎన్నాళ్లు ఎగిరితే ఆ పొలుసులు అంతగా రాలిపోతాయి. తేనెపట్టులో దూరి బయటపడ్డ పురుగుకైతే వీపు నున్నగా, నల్లగా బట్టతలలా తేలుతుంది. ముసలి పురుగు పుర్రె మసకగా, అప్పుడే పుట్టిన పురుగు పుర్రె తేటగా ఉంటాయి. ఆ తేడా వయసుది, జాతిది కాదు. వనపర్తి నుంచి ఒకరు "ఈ పుర్రె నవ్వుతోంది, ఆ పుర్రె నవ్వడం లేదు, కాబట్టి రెండూ వేరు జాతులు" అని రాశారు. రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ స్టిక్స్. మొదటిదానికి పొలుసులు పూర్తిగా ఉన్నాయి, రెండోదానికి కింది అంచున రాలిపోయాయి. రాలిన చోటు దవడలా కనిపించింది. రెండు మచ్చలూ ఒక గీతా ఉంటే చాలు, మనిషి కన్ను అక్కడ ముఖాన్ని వెతుక్కుంటుంది. గోడ మీద తేమ మరకలోనూ ముఖం చూసే కన్ను అది. గుర్తింపు పనిలో దానికి పగ్గాలు వేయాలి.

మూడో కారణం అన్నిటికంటే ముఖ్యం. ఇంటర్నెట్‌లో పుర్రె మాత్ అని వెతికితే ముందుగా వచ్చేది అట్రోపోస్. యూరప్ వాళ్లు రెండున్నర శతాబ్దాలుగా రాసుకున్నదీ, బొమ్మలు గీసుకున్నదీ దాన్నే కాబట్టి. అది ఆఫ్రికా, యూరప్, పశ్చిమాసియా వైపు ఉండే జాతి. మన నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో అది ఉండదు. స్టిక్స్ అరేబియా, ఇరాన్ వైపు నుంచి మన దేశం మీదుగా చైనా, జపాన్ దాకా ఉంటుంది. లాకెసిస్ మన దేశం నుంచి తూర్పున ఆగ్నేయాసియా దీవుల దాకా ఉంటుంది. కాబట్టి మీ వాకిట్లో దీపం దగ్గరికి పుర్రె మాత్ వస్తే అది స్టిక్స్ లేదా లాకెసిస్. పేరు రాసే ముందు ఆ జాతి ఎక్కడ బతుకుతుందో చూడడం కూడా గుర్తింపులో భాగమే. ఫోటోతో పోలిక కుదిరిందని సముద్రాలు దాటించి పేరు పెట్టకండి.

ఇంకో మాట. ఇద్దరు పంపిన ఫోటోల్లో పురుగు చెప్పు దెబ్బకు నలిగి ఉంది. పుర్రె ఇంట్లోకి వస్తే అరిష్టమని పెద్దవాళ్లు కొట్టించారట. ఈ మాత్ కుట్టదు, కరవదు, దాని పొలుసుల్లో విషం లేదు. వెలుగు చూసి దారి తప్పి వచ్చింది. దీపం ఆర్పితే తన దారిన తను పోతుంది. దయచేసి ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పండి.

వెనుక రెక్క

అకెరాన్షియా వాలినప్పుడు ముందు రెక్కలు ఇంటి కప్పులా ఒంటి మీద పరుచుకుంటాయి. ముదురు గోధుమ రంగు, మధ్యలో బూడిద అలలు: చెట్టు బెరడు మీద వాలితే పక్కనే ఉన్నా కనిపించదు. మనకు కావలసిన వెనుక రెక్కలు, పసుపు పొట్ట అన్నీ ఆ కప్పు కిందే. పుర్రె ఒక్కటే పైకి తేలి ఉంటుంది కాబట్టి మీరంతా దాన్నే తీశారు.

కప్పు తెరిపించడానికి నా పద్ధతి ఒక చీపురు పుల్ల. దేవరకొండ దారిలో ఒక నువ్వుల చేను పక్కన కొట్టంలో రాత్రి తొమ్మిది దాటాక చూసిన పురుగు సంగతి చెబుతాను. బల్బు కింద సున్నపు గోడకు అంటుకొని ఉంది. నా చూపుడు వేలికన్నా పెద్ద ఒళ్లు. పుల్ల కొనతో ముందు రెక్క అంచును కొద్దిగా పైకి లేపాను. వెంటనే ఒళ్లంతా ముందు కాళ్ల మీద ఎత్తి, రెక్కలు పూర్తిగా విప్పి, పొట్టను వంచింది. అంతవరకూ బెరడు ముక్కలా ఉన్నది ఒక్క క్షణంలో పసుపూ నలుపూ కట్ల కందిరీగలా మారిపోయింది. దాంతో పాటు కిచకిచ, సుంచెలుక అరిచినట్టు. తల కింద చెయ్యి పెడితే ఆ అరుపు అదురు వేలికి తగిలింది. గొంతులోకి గాలి పీల్చేటప్పుడు లోపలి చిన్న మూత లాంటి భాగం అదిరి ఒక చప్పుడు, ఆ గాలిని పొట్టి తొండం గుండా వదిలేటప్పుడు ఈల లాంటి ఇంకో చప్పుడు. మాత్‌లలో నోటితో అరిచేది బహు అరుదు.

అది రెక్కలు విప్పిన ఆ నాలుగైదు క్షణాలే మనకు కావలసింది. ఫోను కెమెరా ముందే సిద్ధంగా ఉంచుకోండి. రెండో చేతిలో పుల్ల. ఫ్లాష్ వద్దు, పొలుసుల మీద వెలుగు పడి పసుపు తెల్లగా వస్తుంది. పక్క నుంచి టార్చి వేయించండి.

ఇప్పుడు వెనుక రెక్క మొదలు చూడండి, ఒంటికి అతుక్కున్న చోటు. అక్కడ పసుపు ఉండి, దాని మీద రెండు నల్ల పట్టీలు అడ్డంగా పోతుంటే స్టిక్స్. ఆ మొదలంతా వెడల్పుగా నలుపు కమ్మి ఉంటే లాకెసిస్. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. అనుమానం మిగిలితే స్టిక్స్ వెనుక రెక్క కింది మూలలో, బయటి నల్ల పట్టీలో మసక నీలి చుక్క ఒకటి ఉందేమో వెతకండి. లాకెసిస్ అయితే పుర్రె అడుగున నారింజ రంగు మచ్చ ఉంటుంది. చూశారా, పుర్రె దగ్గరికి చివర్లోనే వచ్చాను. అదీ పుర్రె కోసం కాదు, దాని కింద ఉన్న మచ్చ కోసం. లాకెసిస్ ఒళ్లూ కొంచెం పెద్దది, రెక్కలు చాపితే 13 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అయినా కొలతను చివరి సాక్ష్యంగానే తీసుకోండి. లార్వాగా ఉన్నప్పుడు తిండి చాలని లాకెసిస్ చిన్నదిగానే పుడుతుంది.

మన దగ్గర లేకపోయినా, అట్రోపోస్‌ను స్టిక్స్ నుంచి ఎలా విడదీస్తారో తెలిసి ఉండడం మంచిది. ఎడారి దేశాల్లో పనిచేసే మన జిల్లాల వాళ్లు ఈ పాఠాలు చదువుతున్నారు, ఆ రెండూ కలిసి దొరికే చోట్లు అక్కడ ఉన్నాయి. ముందు రెక్క నడుమ చిన్న చుక్క ఉంటుంది: అట్రోపోస్‌కు తెల్లగా, స్టిక్స్‌కు నారింజ రంగులో. రెక్కను తిప్పి అడుగు చూస్తే స్టిక్స్ ముందు రెక్కకు నడుమ రెండు పట్టీలు, అట్రోపోస్‌కు ఒకటే. పొట్ట అడుగున అట్రోపోస్‌కు నల్లటి అడ్డగీతలుంటాయి, స్టిక్స్‌కు సాధారణంగా ఉండవు. మూడు గుర్తుల్లో రెండు అడుగు వైపే ఉన్నాయని గమనించండి. గాజు గ్లాసులో పురుగును ఉంచి కింద నుంచి ఫోటో తీయడం అందుకే అలవాటు చేసుకోమంటాను.

పేరు పక్కన బ్రాకెట్లు

నాగర్‌కర్నూల్ నుంచి ఒక విద్యార్థి మంచి ప్రశ్న అడిగాడు. లిన్నేయస్, 1758 అని అట్రోపోస్ పక్కన బ్రాకెట్లలో ఎందుకు రాస్తారు, స్టిక్స్ పక్కన వెస్ట్‌వుడ్, 1847 అని బ్రాకెట్లు లేకుండా ఎందుకు రాస్తారు అని.

లిన్నేయస్ 1758లో పేరు పెట్టినప్పుడు ఆ మాత్‌ను స్ఫింక్స్ అనే ప్రజాతిలో పెట్టాడు. అకెరాన్షియా ప్రజాతి 1809లో లాస్పెయ్‌రెస్ పెట్టింది. జాతి ఒక ప్రజాతి నుంచి ఇంకో ప్రజాతికి మారినప్పుడు, మొదట పేరు పెట్టినవారి పేరు బ్రాకెట్లలోకి వెళుతుంది. 1798లో ఫాబ్రిసియస్ పేరు పెట్టిన లాకెసిస్ కూడా అలాగే మారింది, దానికీ బ్రాకెట్లున్నాయి. 1847 నాటికి అకెరాన్షియా ఉంది కాబట్టి వెస్ట్‌వుడ్ స్టిక్స్‌ను నేరుగా అందులోనే చేర్చాడు. అది ఇల్లు మారలేదు, బ్రాకెట్లు రాలేదు. ఆ చిన్న గుర్తులో ఒక జాతి చరిత్ర ఉంది. మీ నోటు పుస్తకాల్లో దాన్ని వదిలేయకండి.

పేర్ల అర్థాలు కూడా ఒకసారి. అకెరాన్, స్టిక్స్ అన్నవి గ్రీకుల పాతాళంలోని నదులు, మన వైతరణి లాంటివి. మనిషి ఆయువు దారాన్ని ముగ్గురు అక్కచెల్లెళ్లు చూసుకుంటారని గ్రీకుల నమ్మకం: క్లోతో వడుకుతుంది, లాకెసిస్ కొలుస్తుంది, అట్రోపోస్ తెంపుతుంది. ఇద్దరి పేర్లు ఈ ప్రజాతికి వచ్చాయి. మూడో ఆమె పేరు ఇదే కుటుంబంలో వేరే ప్రజాతికి పోయింది. థెరెట్రా క్లోతో అనే మాత్ మన దేశంలోనూ ఉంది.

లద్దె పురుగు

దీన్ని గురించి వచ్చే పాఠంలో వివరంగా రాస్తాను. ఇప్పటికి అవసరమైనంతే. స్టిక్స్ లార్వా నువ్వు, వంగ, చిక్కుడు, మల్లె, టేకు ఆకుల మీద దొరుకుతుంది. ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగుల్లో ఉంటుంది, పక్కల వాలు గీతలు ఏడు. తోక దగ్గర గరుకు కొమ్ము కిందికి వంగి, కొన మళ్లీ పైకి తిరుగుతుంది. దాన్ని ఆకుల్లో వెతికితే దొరకదు, మొక్క కింద నేల మీద వెతకండి. మిరియం గింజకన్నా పెద్దవి, నిలువు గాడులున్న లద్దెలు, అంటే దాని రెట్టలు, కనిపిస్తే తల పైకెత్తి సరిగ్గా ఆ పై కొమ్మను చూడండి. నువ్వుల చేనులో ఇవి ఉన్నా చేతితో ఏరితే చాలు. నాలుగు పురుగుల కోసం చేనంతా మందు కొట్టాల్సిన పని లేదు.

ఈసారి అభ్యాసం

ఒక లార్వాను పెంచి తల్లి పురుగుగా చేయండి. పెద్ద బకెట్టులో జానెడు లోతు తడి పొడి కాని మట్టి పోయండి. ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకే రోజూ రెండు పూటలా వేయండి. ఆకు మారిస్తే అది తినడం మానేయవచ్చు. ఒళ్లు రంగు మారి, తిండి మానేసి బకెట్టు చుట్టూ తిరగడం మొదలుపెడితే మట్టిలోకి దిగబోతోందని అర్థం. దిగాక తవ్వి చూడకండి. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. ఒక ఎండు కొమ్మను మట్టిలో నిలువుగా గుచ్చి ఉంచండి, బయటికి వచ్చిన మాత్ దాని మీదికి పాకి వేలాడితేనే రెక్కలు విచ్చుకుంటాయి. నున్నటి ప్లాస్టిక్ గోడ మీద జారితే రెక్కలు ముడతలు పడి జీవితాంతం ఎగరలేదు. వేడి రోజుల్లో రెండు మూడు వారాలు చాలు. చలికాలం అడ్డొస్తే నెలలు పట్టవచ్చు, అప్పుడప్పుడూ మట్టి మీద నీళ్లు చిలకరిస్తూ ఉండండి.

బయటికి వచ్చిన రాత్రే రెక్కలు ఆరాక నాలుగు ఫోటోలు తీయండి: పై నుంచి రెక్కలు మూసి, పై నుంచి రెక్కలు విప్పి, అడుగు నుంచి, తల పక్క నుంచి. పక్కన స్కేలు ఉండాలి. తర్వాత దాన్ని పట్టిన చేను దగ్గరికే తీసుకెళ్లి వదలండి. జాతి పేరు రాసేటప్పుడు, ఏ గుర్తు చూసి ఆ పేరు రాశారో ఆ గుర్తు మొదట, పేరు ఆ తర్వాత రాయండి. కారణాల్లో పుర్రె అన్న మాట ఎక్కడ కనిపించినా ఆ జవాబును తిప్పి పంపుతాను.

లార్వా దొరకనివాళ్లు ఐదు రాత్రులు, తొమ్మిది నుంచి పదకొండు దాకా, బల్బు వెనుక తెల్ల దుప్పటి కట్టి కూర్చోండి. అమావాస్యకు దగ్గరి రాత్రులు మంచివి. పుర్రె మాత్ రాకపోయినా, వచ్చిన స్ఫింజిడే మాత్‌లన్నింటికీ పొట్ట రంగు, తొండం పొడవు రాసి పంపండి.